నల్లతెర, పన్నెండు బొమ్మలు

జూన్ 3, మంగళవారం

ఈరోజు పనులు: బట్టలు రెండు బకెట్లు ఉతికి ఆరేశాను. వంటింటి అలమర పై అరలు తుడిచాను, కింది అరలు రేపటికి. మీ అన్నయ్య బస్సు డ్యూటీ చొక్కాకి ఊడిన గుండీలు కుట్టాను. నీళ్ల ట్యాంకు కడిగించాను. మిగిలింది ఈ ఉత్తరం ఒక్కటే.

చిరంజీవి గువ్వకు మీ వదిన ఆశీర్వదించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం.

నువ్వు పంపిన పాత కంప్యూటర్ నిన్న మధ్యాహ్నం దెబ్బ తగలకుండా చేరింది. పార్సిల్ తాళ్లు కోయకుండా ముళ్లు విప్పి, చుట్టచుట్టి డ్రాయర్‌లో దాచాను. కంప్యూటర్ సంగతులు ఫోన్‌లో వద్దు, ఉత్తరాలు రాసుకుందాం అని నువ్వన్న మాట నాకూ నచ్చింది. వాషింగ్ మెషీన్ కొన్నప్పుడు ఫోన్‌లో ఏం జరిగిందో గుర్తుంది కదా. నువ్వు చెప్పింది నేను రాసుకునేలోగా తర్వాతి మాటకి వెళ్లిపోయావు. మధ్యలో మీ అన్నయ్య దూరారు. మనిద్దరం వారం రోజులు మాట్లాడుకోలేదు.

మన పుస్తకం సంగతి. పిల్లల బట్టల కత్తిరింపు గురించి నేను చెప్పవలసిందంతా నోటుబుక్కులో రాయడం పూర్తయింది. టైపు చేసి ఇస్తే తప్ప ప్రెస్సువాళ్లు ముట్టుకోరని నువ్వన్నావు కాబట్టి ఇప్పుడు టైపు మొదలుపెడతాను. ప్రెస్సాయన ఈ నెల ఇరవై ఎనిమిది దాకానే ఆగుతానన్నాడు. ఆ రోజు దాటితే మన వంతు కేకుల పుస్తకం రాసిన ఆవిడకి వెళ్లిపోతుంది. మాటలు నావి, బొమ్మలు నీవి అనుకున్నాం. పన్నెండు బొమ్మలు నువ్వు నాకు బాకీ. ఇన్నేళ్లుగా వీధిలో పిల్లలందరికీ కుట్టిపెట్టిన చేత్తో ఒక్క పుస్తకం రావాలని నాకెంత కోరికగా ఉందో నీకు తెలుసు.

ఇక సందేహం. స్విచ్ వేస్తే పేరు అడిగింది, చెప్పాను. మూలన చిన్న పళ్లచక్రం గుర్తు ఉంటే నొక్కాను. నాలుగు పేర్లు వచ్చాయి: గ్నోమ్, కేడీఈ, ఎక్స్‌ఎఫ్‌సీఈ, ఐత్రీ. ఇవేమిటి? నాలుగూ వాడాలా, వారానికొకటి చొప్పునా?

ఇట్లు,
మీ వదిన

తా.క.: మీ అన్నయ్య నా కుర్చీ వెనకే నిలబడి ఉన్నారు. ఏమీ అనరు. ఊపిరి మాత్రం వినపడుతోంది.

*

జూన్ 7

ప్రియమైన వదినకు గువ్వ నమస్కరించి రాసేది. నేను కులాసా.

వారానికొకటి కాదు తల్లీ. నాలుగింట్లో ఒకటి ఎంచుకోవాలి. ఆ కంప్యూటర్‌లో ఉండి దాన్ని నడిపించేది లినక్స్. తెర ఎలా కనపడాలో ఎవరికి నచ్చినట్టు వాళ్లు పెట్టుకోవచ్చు. దాని సుఖం అదే, దాని ప్రాణసంకటమూ అదే.

నీకు అర్థమయ్యేలా చెబుతాను. మొదటి మూడూ డెస్క్‌టాప్ ఎన్విరాన్‌మెంట్‌లు, అంటే సామాన్లతో సహా అద్దెకిచ్చే ఇళ్లు. మంచం, బీరువా, గోడ గడియారం, చెప్పుల స్టాండు, అన్నీ వాళ్లే పెట్టి ఉంచుతారు. వెళ్లి కాపురం చేయడమే. నాలుగోది ఉత్త విండో మేనేజర్. ఇల్లు ఖాళీ. నువ్వు తెరిచే ప్రతి పనీ ఒక విండోలో వస్తుందా, ఆ విండోలు ఎక్కడెక్కడ నిలబడాలో చెప్పే మనిషి ఒకడుంటాడు, అంతే. కుర్చీ కావాలంటే నువ్వే మోసుకెళ్లాలి.

గ్నోమ్ పెద్ద హోటల్ గదిలాంటిది. కేడీఈలో ప్రతి గోడకీ స్విచ్చులే, అన్నయ్యని దాని ఛాయలకి రానివ్వకు. నీకు ఎక్స్‌ఎఫ్‌సీఈ సరిపోతుంది. సాదాసీదాగా, పొందికగా, అచ్చం నీలా ఉంటుంది. ఐత్రీ జోలికి మాత్రం పోవద్దు. దాంతో వేగలేక నేనే కళ్లనీళ్లు పెట్టుకున్నాను, ఆఫీసులో అందరి కంప్యూటర్లూ బాగుచేసే దాన్ని.

ఇట్లు,
నీ గువ్వ

తా.క.: బొమ్మలు అయిపోయినట్టే. కంప్యూటర్‌లో గీసేముందు విండోల అంచులకి రంగు ఎంచుకుంటున్నాను. బూడిదరంగులో రెండు నచ్చాయి, తేల్చుకోలేకపోతున్నాను.

ఇంకో తా.క.: నా చేతిరాత చూసి నవ్వకు. ఉత్తరం చేత్తో రాస్తేనే ఆప్యాయంగా ఉంటుంది.

*

జూన్ 11

చిరంజీవి గువ్వకు వదిన దీవెనలు.

ఇల్లు చూడకుండా అద్దెకి దిగే అలవాటు నాకు లేదు. అందుకని పూటకొకటి చొప్పున నాలుగూ చూశాను.

గ్నోమ్ విశాలంగా ఉంది. గోడకి మేకు కూడా లేదు, అంత శుభ్రం. కాని విండో మూలన మూసేసే గుర్తు ఒక్కటే ఉంది, కాసేపు పక్కకి దించే గుర్తు లేదు. పనిలో ఉండగా ఎవరైనా వస్తే మిషను మీది గుడ్డ పక్కకి జరుపుతాం గాని పారేయం కదా.

కేడీఈ తెరవగానే మీ అన్నయ్య "ఒక్క నిమిషం లే" అన్నారు. లేచాను. ఆయన భోజనం వేళకి లేచారు. అప్పటికి తెర మీద నాలుగు గడియారాలున్నాయి.

"నాలుగెందుకండీ?"

"బస్సు నాలుగు స్టాండ్లలో ఆగుతుంది."

"నాలుగింట్లోనూ టైము ఒకటే కదా?"

"అదే కదా ధైర్యం."

విండోని పట్టుకుని లాగితే అది తడిగుడ్డలా ఊగేటట్టు కూడా ఏదో చేశారు. తడిగుడ్డ ఊగడం నేను రోజూ దండెం మీద చూస్తున్నదే. ఆయన మాత్రం పక్కింటి పోస్టుమాస్టర్ని పిలిచి మరీ చూపించారు. పోస్టుమాస్టరు చూసి, "మా ఇంట్లో ఇలాంటివి ఒప్పుకోరు" అని నిట్టూర్చి వెళ్లాడు.

నువ్వు చెప్పిన ఎక్స్‌ఎఫ్‌సీఈ బుద్ధిమంతురాలే. వంక పెట్టడానికి లేదు. కాని రాత ఒక విండోలో, కొలతల పట్టీ ఒక విండోలో తెరిస్తే ఒకదాని మీదికి ఒకటి ఎక్కుతున్నాయి. కొలత చూద్దామంటే రాత కనపడదు, రాత చూద్దామంటే కొలత దాక్కుంటుంది. మడతపెట్టని బట్టల కుప్పలోంచి చొక్కా వెతికినట్టుంది. చేతి కొలత మెడకి టైపు చేశాను. ఆ లెక్కన కుడితే పిల్లవాడి తల బయటికి రాదు.

ఆఖరికి ఐత్రీలోకి కాలుపెట్టాను. ఏదో ప్రశ్న అడిగింది, సరేనన్నాను. అంతే, తెరంతా నల్లగా అయిపోయింది. ఒక్క వస్తువు లేదు. చాలా హాయిగా ఉంది. మిగతాది తర్వాత రాస్తాను, పోస్టుడబ్బా తెరిచే వేళయింది.

ఇట్లు,
మీ వదిన

తా.క.: నీ చేతిరాత చూడటం నాకిదే మొదలు. కూరగాయల చీటీ కూడా ప్రింటు తీసి ఫ్రిజ్‌కి అంటించే దానివి. ఇంత ఆప్యాయత ఇన్నాళ్లూ ఎక్కడ దాచావు?

*

జూన్ 14

వదినా, క్షేమ సమాచారాలు తర్వాత.

"చాలా హాయిగా ఉంది" అని నువ్వు రాసిన చోట నా గుండె జారిపోయింది. నీ హాయి నాకు తెలియనిదా? అన్నయ్య నిన్ను బస్‌స్టాండులో దించి, ఎక్కించుకోవడం మరిచిపోయి, ఖాళీ బస్సు డిపోకి తోలుకుపోయిన రోజున నువ్వు నడిచి ఇంటికొచ్చి అన్న మాట అదే. "చాలా హాయిగా ఉంది." ఆ తర్వాత రెండు నెలలు ఆయన బట్టలు ఆయనే ఉతుక్కున్నారు.

నల్లతెర అంటే మామూలు విషయం కాదు. నాకు బాగా తెలుసు, ఎలా తెలుసని అడగకు. ఈ ఉత్తరం అందగానే ప్లగ్గు పీకెయ్యి. కంప్యూటర్ మీద దుప్పటి కప్పు. ఎవర్నీ ముట్టుకోనివ్వకు. ఏదీ తీసెయ్యకు. ముఖ్యంగా శనివారం నాడు దాని దగ్గరికి వెళ్లకు, శనివారాల్లో నీ చేతులు ఊరుకోవు.

పుస్తకం గురించి బెంగపడకు. ప్రెస్సాయనకి నేను విడిగా ఉత్తరం రాశాను. మా వదిన కంప్యూటర్ పాడైపోయింది, ఇంకో నెల గడువు ఇవ్వండి అని. కాదనడు.

ఇట్లు,
కంగారులో ఉన్న గువ్వ

తా.క.: బొమ్మల సంగతి అడుగుతావేమో. అంచుల రంగు ఖాయమైంది. ఇక అక్షరాల సైజు ఒక్కటే.

*

జూన్ 14, శనివారం

ఈరోజు పనులు: దుప్పట్లు ఎండకి వేశాను. బీరువా సర్దాను. ఫ్యాన్లు తుడిచాను. కంప్యూటర్ శుభ్రం చేశాను.

చిరంజీవి గువ్వకు వదిన ఆశీస్సులు. నీ జవాబు ఇంకా అందలేదు. ఆగలేక రాస్తున్నాను.

ఐత్రీని నువ్వు అనవసరంగా ఆడిపోసుకున్నావు. జిరాక్సు షాపావిడ దాని మీటల కాగితం ఒకటి ప్రింటు తీసి ఇచ్చింది. కుట్టుమిషను పైన గోడకి అంటించాను. ఒక మీట పట్టుకుని ఇంకోటి నొక్కితే విండో తెరుచుకుంటుంది. తెరంతా దానిదే. రెండోది తెరిస్తే మొదటిది తనంతట తాను జరిగి సగం చోటిస్తుంది, బస్సు సీట్లో మర్యాద తెలిసిన మనిషిలా. ఒకరి మీదికి ఒకరు ఎక్కరు. ఎడమపక్క కొలతలు, కుడిపక్క రాత. కత్తిరింపు బల్ల మీద నేను పెట్టుకునేదీ అలాగే కదా. మౌస్‌తో పని పడలేదు. డ్రాయర్‌లో తాళ్ల పక్కన పెట్టాను. తెర కింద సన్నటి పట్టీలో టైము కనపడుతుంది. ఒక్కటే గడియారం. చాలు.

ఇక మిగతా మూడు ఇళ్లూ ఖాళీగా పడి ఉన్నాయి. వాడని సామాను ఉంచడం నాకు చేతకాదు. తీసేసే పద్ధతి జిరాక్సు షాపావిడే కాగితం వెనక రాసిచ్చింది. మధ్యాహ్నానికల్లా మూడూ తీసేశాను. ఎంత చోటు మిగిలిందో.

సాయంత్రం మీ అన్నయ్య డ్యూటీ నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, చేతులు తుడుచుకుని కంప్యూటర్ ముందు కూర్చున్నారు. కాసేపటికి నెమ్మదిగా అడిగారు.

"నా గడియారాలేవీ?"

"తీసేశాను."

"ఏం చేశాయవి నిన్ను?"

అంతే, మాట్లాడటం మానేశారు. భోజనం దగ్గర మాటిమాటికీ చేతి గడియారం చూసుకున్నారు, నాకు వినపడేలా నిట్టూరుస్తూ. కూరలో ఉప్పు తక్కువైంది, ఆ మాట కూడా అనలేదు. కోపం గట్టిదే.

ఇట్లు,
మీ వదిన

తా.క.: ఆరు అధ్యాయాలు టైపు అయ్యాయి. కాలరు, జేబు మిగిలాయి. నీ బొమ్మలు?

*

జూన్ 17

వదినా,

నీ శనివారం ఉత్తరం ఇప్పుడే అందింది. పోయిన ఉత్తరంలో నేను రాసింది చేయకు. ప్లగ్గు పీకకు. దుప్పటి కప్పకు. ఆ నలుపు నేననుకున్న నలుపు కాదు. ఐత్రీ మొహం పుట్టుకతోనే అంత.

నిజంగానే హాయిగా ఉందా? మామూలు మనుషుల హాయేనా? నా జీవితంలో ఇది రెండో దెబ్బ. మొదటిది తర్వాత చెబుతాను.

అన్నయ్య గడియారాలు చచ్చిపోలేదు. తీసేసిన ఇంటిని మళ్లీ తెప్పించుకోవచ్చు. ఆయన సర్దుకున్నవి నీ పేరు మీద భద్రంగానే ఉంటాయి. పద్ధతి వెనక పేజీలో రాశాను, జిరాక్సు షాపావిడకి చూపించు. ఆవిడ జీతానికి వస్తుందేమో కూడా కనుక్కో, మా ఆఫీసులో ఒక ఖాళీ ఉంది.

ఇట్లు,
గువ్వ

తా.క.: ప్లగ్గు పీకలేదు కదా?

*

జూన్ 19, గురువారం

చిరంజీవి గువ్వకు వదిన దీవెనలు.

పీకాను. "పీకెయ్యి" అన్న ఉత్తరం సోమవారం వచ్చింది. "పీకకు" అన్నది ఇవాళ వచ్చింది. రాసింది రాసినట్టు చేసే దాన్నని తెలిసి కూడా నువ్వలా రాస్తే నేనేం చేయను? కాలరు అధ్యాయం మధ్యలో ఉన్నాను. పీకాను. అప్పుడు నిజంగా నల్లబడింది. కాలరు మొత్తం పోయింది. తర్వాత గళ్ల దుప్పటి కప్పాను.

నిన్న ప్రెస్సాయన వచ్చాడు. గుమ్మంలోనే చెప్పులు విడిచి, గొంతు తగ్గించి, "సంగతి తెలిసిందమ్మా, చూసి పోదామని వచ్చాను" అన్నాడు. గదిలో మూలన దుప్పటి కప్పిన కంప్యూటర్. పక్కన కుర్చీలో తల వంచుకుని మీ అన్నయ్య. ప్రెస్సాయన ఆయన వైపు వంగాడు.

"ఎన్నాళ్లదండీ?"

"ఏం చెప్పమంటారు. వచ్చి పక్షం కూడా కాలేదు. నాలుగూ బాగా తిరుగుతుండేవి" అన్నారు మీ అన్నయ్య. గడియారాల సంగతి ఆయన చెప్పేది. ప్రెస్సాయనకి అర్థం కాలేదు గాని, మీ అన్నయ్య భుజం మీద చెయ్యి వేశాడు.

నాకు నవ్వు ఆగలేదు. దుప్పటి తీసి, ప్లగ్గు పెట్టి, స్విచ్ వేసి ఎడమన కొలతలు, కుడిన రాత తెరిచి చూపించాను. ఆయన కళ్లజోడు సర్దుకుని చదివి, "ఇది బతికే ఉంది కదమ్మా, మరి గడువెందుకు అడిగారు?" అన్నాడు. నేను అడగలేదన్నాను. "అయితే బొమ్మలేవి?" అన్నాడు. గడువు ఇవ్వడట. కేకులావిడ ఫొటోలతో సహా సిద్ధంగా కూర్చుందట.

కాలరు నేను మళ్లీ టైపు చేస్తాను, అది నా పని. నువ్వు ఒక్క మాట రాయి. బొమ్మలు ఉన్నాయా, లేవా? రంగుల గురించి వద్దు. అక్షరాల సైజు వద్దు. ఈ పుస్తకం పోతే నేను ఎవరినీ ఏమీ అనను, నీకు తెలుసు. చాలా హాయిగా ఉందంటాను.

ఇట్లు,
మీ వదిన

తా.క.: జిరాక్సు షాపావిడ వచ్చి గడియారాలు తెప్పించింది. మీ అన్నయ్య ఇప్పుడు ఐదోది పెట్టారు. దేనికని అడిగితే "స్పేరు" అన్నారు.

*

జూన్ 23

ప్రియమైన వదినకు,

ఉన్నాయి. ఒక్క మాట అడిగావు కాబట్టి ముందు అది రాశాను. పన్నెండూ ఈ పార్సిల్‌లోనే ఉన్నాయి. ముందు వాటిని చూసుకుని, కుర్చీలో కూర్చుని, తర్వాత ఇది చదువు.

నాకు కంప్యూటర్ లేదు. అంటే ఉంది. కొత్తది. పాతది నీకు పంపి ఇది కొన్నాను. కొన్న రోజే నాలుగు ఇళ్లూ ఎక్కించాను. ఒకటి బాగుందనిపించగానే ఇంకోటి ఇంకా బాగుంటుందనిపించేది. ఇందులో గోడ తెచ్చి అందులో, అందులో తలుపు తెచ్చి ఇందులో పెట్టాను. ఆఖరికి ఐత్రీని నా చేత్తో మొదటి అక్షరం నుంచీ దిద్దుతుంటే ఒక సాయంత్రం తెర నల్లబడింది. నీది హాయైన నలుపు. నాది ఏమీ పలకని నలుపు. మే నెలాఖరు నుంచీ అంతే. ప్లగ్గు పీకి దుప్పటి కప్పి పెట్టాను. నీకు ఆ సలహా ఎక్కడి నుంచి వచ్చిందనుకున్నావు? నువ్వు "తెరంతా నల్లగా" అని రాయగానే నాకు నాదే కళ్లముందు కనపడింది.

ఫోన్ వద్దు, ఉత్తరాలే అన్నది కూడా అందుకే. ఫోన్‌లో అయితే నా గొంతు విని ఇట్టే పట్టేస్తావు. కంప్యూటర్లు బాగుచేసే మనిషి ఇంట్లో కంప్యూటర్ పాడైపోయిందంటే ఆఫీసులో వాళ్ల కంటే ముందు అన్నయ్య నవ్వుతారు. గడువు అడిగింది నీకోసం కాదు వదినా, నాకోసం.

నీ పంతొమ్మిదో తారీఖు ఉత్తరం చదివి పెన్సిల్ పట్టుకున్నాను. పెన్సిల్‌కి అంచుల రంగు లేదు, ఎంచుకోవడానికి ఏమీ లేదు. గీయడం తప్ప చేసేదేమీ లేక గీశాను. రెండు సాయంత్రాల్లో అయిపోయాయి. కాలరు బొమ్మలో పిల్లవాడి ముక్కు అన్నయ్యదిలా వచ్చింది, కావాలని కాదు.

ఇట్లు,
తల వంచుకున్న గువ్వ

తా.క.: నీకు పంపిన పాతది నెమ్మదిగా, బుద్ధిగా, ఏ పేచీ లేకుండా పనిచేస్తోంది కదా. తిరిగి ఇస్తావా?

*

జూన్ 28, శనివారం

ఈరోజు పనులు: బట్టలు ఒక బకెట్. వంటింటి అలమర కింది అరలు, ఈ నెలలో ఇప్పటికి కుదిరింది. ప్రెస్సుకి వెళ్లి రావడం. శుభ్రం చేయడం రేపటికి వాయిదా, ఎందుకంటే సంతోషంగా ఉంది.

చిరంజీవి గువ్వకు మీ వదిన ఆశీర్వదించి రాయునది.

తిరిగి ఇవ్వను.

బొమ్మలు చూశాను. బల్ల మీద వరసగా పరిచి, ఒకదాని మీద ఒకటి పడకుండా పెట్టి చూశాను. జేబు బొమ్మలో కుట్టు ఎక్కడ మొదలై ఎక్కడ మలుపు తిరుగుతుందో నేను రెండు పేజీలు రాసినా చెప్పలేకపోయాను, నువ్వు ఒక్క గీతలో చూపించావు. మీ అన్నయ్య కాలరు పిల్లవాడిని చూసి, "వీణ్ని ఎక్కడో చూశాను" అన్నారు. నేను చెప్పలేదు.

ఉదయం టైపు చేసిన కాగితాలు, బొమ్మలు, కొలతలు సరిచూసుకోవడానికి నా నోటుబుక్కు, అన్నీ సంచీలో వేసుకుని ఆయన్ని తోడు తీసుకుని ప్రెస్సుకి వెళ్లాను. ప్రెస్సాయన బొమ్మలు చూశాడు. టైపు కాగితాలు చూశాడు. మళ్లీ బొమ్మలు చూశాడు. టైపు కాగితాలు పక్కన పెట్టి నోటుబుక్కు అడిగాడు. పేజీ తిప్పి, పక్కన పెన్సిల్ బొమ్మ ఆనించి చూసి, "ఇదమ్మా పుస్తకం. ఇలాగే మీ చేతిరాతతోనే వేస్తాను" అన్నాడు.

"మరి టైపు?" అన్నాను.

"టైపు చేయమని నేనెప్పుడన్నానమ్మా? చేత్తో రాసినా ఇవ్వొచ్చు, చేసుకోవడానికి మా దగ్గర మనిషి ఉందని మీ ఆడపడుచుకి మొదట్లోనే చెప్పానే."

మీ అన్నయ్య పెద్దగా నవ్వబోయి, నా మొహం చూసి, గోడ గడియారం కేసి తిరిగారు.

అంటే, కొత్త కంప్యూటర్ కొనుక్కోవడానికి పాతదాన్ని సాగనంపే దారి నీకు కావాలి, దానికి నా టైపు అడ్డం పెట్టుకున్నావు. నాకు తెలిసింది. కోపం రాలేదు. ఆ నెపం లేకపోతే ఆ నల్లటి ఇల్లు నా చేతికి వచ్చేది కాదు. రెండో పుస్తకం అందులోనే మొదలుపెట్టాను. పెద్దవాళ్ల బట్టలు.

నీ కొత్త కంప్యూటర్‌ని దుప్పటితో సహా పార్సిల్ చెయ్యి. తాళ్లు నా దగ్గర ఉన్నాయి, పంపుతున్నాను. ఇక్కడ జిరాక్సు షాపావిడ, నేను కలిసి ఒక శనివారం చూస్తాం. అన్నీ తీసేసి ఎక్స్‌ఎఫ్‌సీఈ ఒక్కటే ఉంచి పంపుతాం. సాదాసీదాగా, పొందికగా ఉంటుంది. నీలా ఉండదు, కాని నీకు సరిపోతుంది. రంగులు మార్చే చోటు కనపడకుండా దాచమని ఆవిడకి చెబుతాను.

వచ్చే నెల పుస్తకం వచ్చాక సెలవు పెట్టుకుని రా. వచ్చేముందు ఫోన్ చెయ్యి. గొంతు విని చాలా రోజులైంది.

ఇట్లు,
మీ వదిన

తా.క.: నువ్వు నాకు ఇవ్వవలసిన పన్నెండు బొమ్మలూ ముట్టాయి. బాకీ చెల్లు.